వంటశాలలోని సహోదరుడు లారెన్సు

మేము బోర్డింగులో ఉండి చదువుకొన్న దినములలో ప్రార్థనా మందిరమునకును వంటయింటికిని నడుమ ఒక వేపచెట్టు మాత్రమే యుండెను. చెట్టున కీవల కీర్తన. ఆవల గంగాళముల మోత. సాయంకాలపు ప్రార్థన ముగియకమునుపే తాలింపు వాసన కిటికీలగుండ లోనికి వచ్చెడిది. అంతట మా కన్నులు మూసియున్నను మనస్సులు పళ్లెములు పట్టుకొని వరుసలో నిలువబడెడివి. దేవుడు చెట్టున కీవలనే యున్నాడనియు, ఆవల నున్నవి ఆకలియు పొగయు మాత్రమే యనియు మేము తలంచుచుంటిమి. ఆ తలంపు సరికాదని మాకు తోపించినవాడు బోధకుడు కాడు, పండితుడు కాడు; మూడు వందల సంవత్సరములకు పూర్వమే గతించిన ఒక వంటవాడు. లోకము ఆయనను సహోదరుడు లారెన్సు అను పేరున ఎరుగును.

ఇట్టివాని చరిత్రము వ్రాయుట సులభము కాదు. రాజుల చరిత్రములలో జయించిన కోటలుండును. శాస్త్రజ్ఞుల చరిత్రములలో కనిపెట్టిన యంత్రములుండును. ఈయన చరిత్రములో ఉన్నవి ఉడికిన కూరగాయలు, తోమిన పాత్రలు, కుట్టిన చెప్పులు. యుద్ధము కూడ ఒకటి కలదు గాని, దానిలో ఆయనకు దక్కినది కుంటికాలు మాత్రమే. అయినను ఈ సంవత్సరపు పత్రికకు ఎవరిని గూర్చి వ్రాయుదుమా యని యోచించినపుడు మా కన్నుల యెదుట మరియొకరు నిలువలేదు.

1614వ సంవత్సర ప్రాంతమున, లోరైను దేశములో, లూనెవిల్ పట్టణమునకు చేరువనున్న ఎరిమెనిల్ అను చిన్న గ్రామమున ఆయన జన్మించెను. లోరైను నేడు ఫ్రాన్సు దేశములో ఈశాన్య భాగము. ఆ కాలమున అది తన సొంత ప్రభువు క్రింద నుండిన వేరు సంస్థానము. తల్లిదండ్రులు భక్తిగల సామాన్యులు. బిడ్డకు నికొలా అని పేరిడిరి; ఇంటిపేరు హెర్మాన్. పెద్ద చదువులు అతనికి అబ్బలేదు.

పదునెనిమిదవ యేట, శీతకాలమున, నికొలా ఒక చెట్టును చూచెను. ఒక్క ఆకైనను లేక అది ఎండిన కట్టెవలె నిలిచి యుండెను. ఆ చలిదేశములలో ఇది వింత కాదు. మంచు పడు నెలలలో పెక్కు చెట్లు అట్లే యుండును. మన సీమలో మోదుగు చెట్టు ఆకు రాల్చి నిలుచుట చూచినవారికి ఆ రూపము కొంత తెలియును. కొలది కాలములో ఈ బోడికొమ్మలకే చిగుళ్లు వచ్చును, పిమ్మట పూలు, ఆ పిమ్మట కాయలు వచ్చునని అతనికి స్ఫురించెను. ఇది ఎల్లరును ఎరిగిన సంగతియే. కాని ఎల్లరును ఆ చెట్టును దాటిపోవుదురు. అతడు నిలిచి చూచెను. దానిని మరల చిగిరింపజేయువాని శక్తియు, శ్రద్ధయు అతని హృదయమున నాటుకొనెను. ఆ దినమున తనలో పుట్టిన ప్రేమ తరువాతి కాలమున పెరిగినదో లేదో చెప్పజాలనని ఆయన పెద్దవాడైన పిమ్మట ఒక మిత్రునితో ననెను. మొదటనే అది అంత నిండుగా కలిగినదన్న మాట.

ఇట్టి దర్శనము పొందినవాడు మరునాడే సన్యాసి యగునని పాఠకులు తలంతురు. అట్లు జరుగలేదు. అతడు సైన్యమున చేరెను. 1618 మొదలు 1648 వరకు ఐరోపాను కాల్చివేసిన ముప్పది సంవత్సరముల యుద్ధము అప్పుడు లోరైను పొలములపై నడచుచుండెను. ఒకమారు జర్మను సైనికులు నికొలాను పట్టుకొని, వేగులవాడని అనుమానించి, ఉరితీయుదుమని బెదరించిరి. అతడు చలింపక, తాను వారనుకొన్నవాడు కాననియు, తన మనస్సాక్షి నిర్మలముగా నున్నది గనుక చావునకు వెఱవననియు తెలుపగా, వారు అతనిని విడిచిపెట్టిరి. 1635లో రాంబెర్విల్లే యొద్ద స్వీడను దళములతో జరిగిన పోరులో అతడు గాయపడి తల్లిదండ్రుల యింటికి చేరెను. ఆ కాలు మరల సరికాలేదు. సైనికుడుగా గడపిన దినములను తలంచుకొని ఆయన తరువాత మిక్కిలి పశ్చాత్తాపపడెను. చెట్టును చూచిన కన్నులతోనే యుద్ధమునకు పోయినవాడు గదా యని మేము మొదట ఆశ్చర్యపడితిమి. మా జీవితములను తిరిగి చూచుకొన్న పిమ్మట ఆ యాశ్చర్యము తగ్గినది.

గాయము మానిన పిమ్మట అతడు ఒక గృహస్థునితో కలిసి ఏకాంతవాసము చేయ ప్రయత్నించెను. ఏకాంతము అతనికి పొసగలేదు. ఒక గడియ సంతోషము, మరు గడియ దుఃఖము. ఒక పూట శాంతి, మరు పూట కలవరము. మనస్సునకు పగ్గము లేక అతడు దానిని విడిచి, పారిసు నగరమున ఖజానా అధికారియగు ఫ్యూబే అను ప్రభువు ఇంట నౌకరుగా కుదిరెను. అచ్చట అతనికి వచ్చిన కీర్తి యేమనగా, చేత పట్టిన ప్రతి వస్తువును పగులగొట్టు మొద్దువాడని. ఇది పగవారు కల్పించినది కాదు. ఆయనయే తన్ను గూర్చి చెప్పుకొన్నది.

ఇచ్చట మా సంగతి యొకటి చెప్పక తప్పదు. మా తరగతిలో ఇట్టి బాలుడొకడుండెను. ప్రయోగశాలలో పరీక్షనాళికలు అతని చేతిలో నిలిచెడివి కావు. మేము అతని ప్రోగ్రెసు రిపోర్టులో అజాగ్రత్త అను మాటను మూడు పర్యాయములు వ్రాసితిమి. మూడవసారి ఎఱ్ఱసిరాతో వ్రాసితిమి. ఈ చరిత్రము చదివిన పిమ్మట ఆ మాటను కొట్టివేయవలెనని తోచినది గాని, అప్పటికే ఆ బాలుడు మా పాఠశాల విడిచి పోయియుండెను. అతని తండ్రి ఈ పత్రికను చూచునేని, ఆ ఉపాధ్యాయుడు తన మాటను వెనుకకు తీసికొన్నాడని కుమారునికి తెలియజేయ ప్రార్థించుచున్నాము.

1640లో నికొలా పారిసు నగరమున వోజిరార్ వీధియందలి కార్మెలు మఠమున ప్రవేశించెను. స్పెయిను దేశమున అవిలా పట్టణపు తెరేసా యను భక్తురాలు పదునారవ శతాబ్దమున సంస్కరించిన సంఘము అది. ఆ కాలమున అందలివారు మాంసము ముట్టక, బూట్లు తొడుగక తేలికపాటి చెప్పులతో తిరిగెడివారు. తెరేసా తన సహోదరీలకు, విధేయత మిమ్మును వంటపనికి నియమించినయెడల దుఃఖింపవలదని బోధించియుండెను. నికొలాకు ఆ బోధ ఇక మీదట అవసరపడనుండెను. రెండు సంవత్సరములు శిక్షణ పొంది, 1642 ఆగస్టు 14న ఆయన శాశ్వత వ్రతము గైకొనెను. పునరుత్థానపు లారెన్సు అని ఆయనకు క్రొత్త పేరు కలిగెను. గురుపట్టము కాదు, పాండిత్యము కాదు; ఆయన చేరినది చేతిపనులు చేయు సహోదరుల వరుసలో. తన మొద్దుతనమునకు ఈ మఠమున తగిన శిక్ష కలుగునని తలంచి ఆయన వచ్చెను. శిక్షకు మారు సంతృప్తియే దొరికినందున, దేవుడు తన్ను మోసగించెనని ఆయన హాస్యముగా అనుచుండెడివాడు.

మఠాధిపతులు ఆయనను వంటశాలలో నియమించిరి. ఆయనకు వంటపని యనిన సహజముగా రోత. ఈ సంగతిని పలువురు గమనింపరు. ఆయన పేరు చెప్పగానే పాత్రల నడుమ ఆనందముతో పాడుచున్న వంటవానిని ఊహింతురు. ఇష్టమైన పనిని ప్రేమతో చేయుటలో విశేషమేమున్నది? నూరుమందికి పైగా భుజించు ఇంట, రోత కలిగించు పనిలో, కుంటికాలితో, ఆయన సుమారు పదునైదు సంవత్సరములు నిలిచెను.

ఆ సంవత్సరములలో అధిక భాగము ఆయనకు లోపలను వెలుగు లేదు. సంఘమున చేరిన పిదప పదేండ్లకాలము ఆయన గొప్ప బాధ ననుభవించెను. పూర్వపు పాపములు కన్నుల యెదుట నిలిచెడివి. దేవుని యొద్దనుండి తాను పొందిన మేలులు ఎంత గొప్పవో తలంచినకొలది తాను వాటికెంత అపాత్రుడో తోచి, ఆ మేలులన్నియు భ్రమయేమో యని సందేహము కలిగెడిది. పడుచు లేచుచు, లేచిన తోడనే మరల పడుచు ఆయన దినములు గడచెను. అందులో నాలుగు సంవత్సరములు తాను నశించుట నిశ్చయమని ఆయన నమ్మెను. ఎవరు ఎంత చెప్పినను ఆ నమ్మకము పోలేదు. కడపట ఆయన ఒక నిర్ణయమునకు వచ్చెను. తాను దేవుని యొద్దకు వచ్చినది ప్రేమచేతనే. నశించినను, రక్షింపబడినను, బ్రదికినన్నాళ్లు ప్రేమ నిమిత్తమే పని చేయుదునని. జీతము దొరకదని తెలిసిన పిమ్మటను పనిని విడువని సేవకుని వంటివాడాయెను. దేవునితో బేరము ఆనాటితో ముగిసెను. బేరము ముగిసిన పిమ్మటనే, ఇక జీవితాంతము ఈ చీకటియే యని ఆయన సమ్మతించియున్నప్పుడు, అకస్మాత్తుగా ఆ బరువు తొలగి, ఆయన ఆత్మ తన ఇంటికి చేరినట్లు శాంతించెను. ఆ శాంతి మరల ఆయనను విడిచిపోలేదు.

ఇక ఆయన దినము ఎట్లు గడచెడిదో చూతము. పని మొదలుపెట్టునపుడు తన సొంత మాటలతో ఒక చిన్న ప్రార్థన. చేతులు పనిలోనుండగా, ప్రక్కనున్న మిత్రునితో మాటలాడినట్లు దేవునితో నడుమ నడుమ ఒక మాట. పని ముగిసిన పిదప ఎట్లు చేసితినని విచారణ. బాగుగా చేసినయెడల కృతజ్ఞత, చేయనియెడల క్షమాపణ వేడుట. అంతటితో సరి. తప్పును పట్టుకొని గంటల తరబడి తన్ను తాను కొట్టుకొనుట ఆయన యెరుగడు. తప్పినవెంటనే, ఏ దారిన తప్పెనో ఆ దారినే తిరిగి వచ్చువాడు. ఆయన తొందరపడెడివాడు కాడు, జాగు చేసెడివాడును కాడు. ఏ పని దాని వేళకు. పెనముమీద గ్రుడ్డట్టును తిరుగవేయుట దైవప్రేమతో చేయదగిన పనియే యనియు, ఏ పనియు లేనప్పుడు నేలమీది గడ్డిపోచను ఎత్తుటయైనను అట్లే చేయవచ్చుననియు ఆయన మతము. ప్రార్థనా సమయమునకును పని సమయమునకును ఆయనకు భేదము లేకపోయెను. నలువురు నాలుగు వస్తువులను ఒక్కమారే అడుగుచుండగా గరిటె త్రిప్పుచున్నను, మందిరమున మోకరించినప్పటివలెనే ఆయన మనస్సు నిలుకడగా నుండెడిది.

మార్త మరియల వృత్తాంతము ఆదివారపు బడిలో అందరును వినినదే. మార్త పక్షమున మాటలాడువారు అరుదు. లారెన్సు మరియ మనస్సుతో మార్త పని చేసెనని కొందరందురు. మాకు తోచినంతవరకు, ఆయన పనిని తక్కువ చేయలేదు. పనిలోని చింతను మాత్రము దింపివేసెను.

పిల్లలు తరచుగా మమ్ము నడుగు ప్రశ్న యొకటి కలదు. కన్నులు మూసికొనగానే మనస్సు ఆటస్థలమునకు పరుగెత్తునే, ఏమి చేయుదుమని. ఈ చిక్కు లారెన్సునకును కలిగినదే. గ్రంథములలో వ్రాసిన ధ్యాన పద్ధతులు ఆయనకు కుదురలేదు. పుస్తకము చెప్పిన వరుసలో తలంపులను నడిపింపజూచి విసిగి, ఆ పద్ధతులను విడిచెను. దినమంతయు ఇష్టము వచ్చినట్లు తిరుగ విడిచిన మనస్సు ప్రార్థన గంట మ్రోగినంతనే పిలిచిన చోటికి రాదనియు, అది పగలెల్ల ఎచ్చట నుండునో ప్రార్థనలోను అచ్చటనే యుండుననియు ఆయన కనుగొనెను. అది పారిపోయినపుడు కోపముతో ఈడ్చుకొని రావలదనియు, కోపము మనస్సును మరింత చెదరగొట్టుననియు, ధనికుని గుమ్మము నొద్ద మాటరాని బిచ్చగాడు కూర్చున్నట్లు ఊరక కూర్చుండవలెననియు తన్ను అడిగినవారికి ఆయన తెలిపెను. పరీక్షల దినములలో మా విద్యార్థులు పుస్తకము ముందర పడు అవస్థను చూచినపుడెల్ల మాకు ఈ సంగతి జ్ఞప్తికి వచ్చును. మేమును రాత్రివేళ నలువది కాంపోజిషను పుస్తకములను దిద్దుచు, ఇరువదవ పుస్తకమునకే నలువదవదానిని గూర్చి తలంచువారమే. ఎదుటనున్న బాలుని దస్తూరి అప్పుడు మాకు కనబడదు.

కాలిపుండు ముదిరి నిలుచుట కష్టమైనందున, ఆయనను వంటశాలనుండి తప్పించి, కూర్చుండి చేయదగిన చెప్పులు కుట్టు పనికి మార్చిరి. మఠమువారి చెప్పులన్నియు ఆయన చేతిమీదుగానే సాగెను. అయినను పని యెక్కువైన దినములలో ఆయన వంటశాలకు పోయి సాయము చేయుచునే యుండెను. ఇవి గాక, మఠమునకు ద్రాక్షారసము కొనితెచ్చు పని మీద 1665లో ఓవెర్న్యు సీమకును, 1666లో బుర్గుండీ సీమకును ఆయనను పంపిరి. మా పాఠకులు నొసలు చిట్లింపవలదు. ఆ కాలమున ఆ దేశమున ద్రాక్షారసము మన భోజనమున మజ్జిగవలె దినదినము వాడెడిది. బేరసారములు ఆయనకు చేతకావు. పడవలో ఒక చోటినుండి మరియొక చోటికి పోవలెనన్న కుంటికాలు సహకరింపనందున, పీపాలమీదుగా దొర్లుకొనుచు పోయెను. ఈ దృశ్యమును తలంచినపుడు నవ్వు వచ్చును. ఆయనకు మాత్రము సిగ్గుగాని విసుగుగాని కలుగలేదు. ఇది నీ పనియే యని దేవునికి అప్పగించి పోయెననియు, పని చక్కగనే జరిగెననియు, ఎట్లు జరిగెనో తనకే తెలియలేదనియు ఆయన చెప్పెను.

ఈ సంగతులు మనకు తెలిసినది జోసెఫ్ ద బోఫోర్ అను గురువువలన. ఆయన 1666 ఆగస్టు 3న మొదటిసారి లారెన్సును కలిసికొని సంభాషించెను. మరుసటి సంవత్సరము నవంబరు వరకు అట్టి సంభాషణలు నాలుగు జరిగెను. విన్నదానిని బోఫోర్ వ్రాసి యుంచుకొనెను. కాలక్రమమున పండితులును, గురువులును, గొప్ప యింటి స్త్రీలును చెప్పులు కుట్టు సహోదరుని సలహా కోరసాగిరి. ప్రసిద్ధుడైన ఫెనెలోన్ సయితము ఆయన జబ్బుగా నున్నప్పుడు వచ్చి చూచిపోయెను. ఆయన వ్రాసిన లేఖలు పదునారు నిలిచి యున్నవి. వానిలో యుద్ధమున నున్న యొక యువకుని గూర్చి వ్రాసినది మాకు మిక్కిలి ప్రియము. కత్తి చేతబట్టి నడచుచున్నను క్షణమాత్రము దేవుని తలంచుకొనుట సాధ్యమేననియు, అట్టి తలంపు శూరుని ధైర్యమును తగ్గింపదనియు అందు తెలిపెను. ఆ వ్రాసినవాడు ఒకప్పుడు తానును కత్తి పట్టి నడచినవాడే గదా.

బోఫోర్ లారెన్సు బోధలను 1692లోను, జీవితమును సంభాషణలను 1694లోను ప్రకటించెను. తరువాత ఫెనెలోన్ తన వాదములలో ఈ సహోదరుని సాక్ష్యమునకు తెచ్చెను; 1699లో ఫెనెలోన్ గ్రంథమునందలి కొన్ని మాటలను పోపు ఖండించుటతో లారెన్సు పేరు కూడ స్వదేశమున మరుగున పడెను. దానిని కాపాడినవారు రోమను సభవారు కాక ఇతరులగుట గమనింపదగినది. పియేర్ ప్వారే అను ప్రొటెస్టెంటు పండితుడు ఆ వ్రాతలను తిరిగి ప్రకటించెను. ఆంగ్లదేశమున జాన్ వెస్లీ వానిని తన క్రైస్తవ గ్రంథమాలలో చేర్చెను. ఏ సభవాడని యడుగక పుచ్చుకొన్న ఆ చేతుల మూలముగనే ఈ వంటవాడు మన వరకు వచ్చెను.

ఆయన ముసలితనమున జబ్బులు పెక్కుసార్లు వచ్చి పోయెను. 1691 ఫిబ్రవరి 6న, బాధలోనున్న ఒక సహోదరికి ఆయన కడపటి లేఖ వ్రాసెను. కొలది దినములలో తాను దేవుని చూడగలనని ఆశించుచున్నట్లు అందు తెలిపెను. మరి రెండు దినములకు మంచము పట్టెను. పడకయొద్ద నున్నవారు ఏమి చేయుచుంటివని యడుగగా, నిత్యత్వమంతయు తాను చేయబోవు పనినే చేయుచున్నాననియు, అది దేవుని స్తుతించుటయు ప్రేమించుటయుననియు బదులు చెప్పెను. ఫిబ్రవరి 12న, సోమవారము ఉదయము తొమ్మిది గంటలకు, తెలివి చెదరకయే, ఆయన శాంతముగా కన్ను మూసెను. ఆ దినమునను మఠమువారికి మధ్యాహ్న భోజనము సిద్ధపరుపవలసియే యుండును. తొమ్మిది గంటలంటే, వంటశాలలో కూరగాయలు తరుగు వేళ.